నేను విడిపించబోయిన ఆంటీ గారు

పోయిన నెల ఒక పుట్టినరోజు పార్టీలో, కొత్తగా కెనడాకి, మా విన్నిపెగ్ ఊరికి వచ్చిన స్టూడెంట్ అమ్మాయి ఒకతె నా పక్కన కూర్చుని, "ఆంటీ, మీరు లైబ్రరీలో ఇరవై రెండేళ్ళు చేశారంట కదా, బోర్ కొట్టలేదా?" అని అడిగింది. పొద్దున కాలేజీ, సాయంత్రం గ్రోసరీ స్టోర్లో పార్ట్ టైం, మధ్యలో రెండు బస్సులు. అంత హడావిడిలో ఉన్న పిల్లకి లైబ్రరీ అంటే కునుకు తీసే చోటులాగే కనిపిస్తుంది మరి. నేను నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం మనసు ఒప్పుకోలేదు. ఒక ఫిబ్రవరి ఉదయం నేను చేసిన ఘనకార్యం చెప్పి ఉంటే ఆ అమ్మాయి చేతిలో కేకు పక్కన పెట్టి వినేది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీలో ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్ళు, ముఖ్యంగా తాము చాలా చదువుకున్నామని గట్టి నమ్మకం ఉన్నవాళ్ళు, కాస్త ఓపిగ్గా చదవండి.

నేను లైబ్రేరియన్ని కాదు, అసిస్టెంట్ని. రాజమండ్రిలో ఇంగ్లీషు ఎమ్మే చేశాను. స్పెషల్ పేపరు పంతొమ్మిదో శతాబ్దపు నవల. ఇక్కడికొచ్చాక ఆ ఎమ్మే గురించి ఎవరూ అడగలేదు. పుస్తకాలు సర్దడం వచ్చా, మనుషులతో మర్యాదగా మాట్లాడతావా, మంచులో డ్రైవ్ చేస్తావా అని మూడే అడిగారు. మూడోదానికి అబద్ధం చెప్పి, ఆరు నెలల్లో దాన్ని నిజం చేసుకున్నాను.

ఆ డ్రైవింగ్ ఎందుకంటే, ఇల్లు కదలలేని పాఠకులకి మా బ్రాంచి వాళ్ళు పుస్తకాలు ఇంటికే పంపేవాళ్ళు. తుంటి విరిగినవాళ్ళు, చూపు తగ్గినవాళ్ళు, ముసలివాళ్ళు. మూడు వారాలకోసారి ఒక్కొక్కరికీ ఒక గుడ్డ సంచి. పాత సంచి తీసుకోవడం, కొత్త సంచి ఇవ్వడం. ఎవరికి ఏమిష్టమో ఒక ఫారంలో రాసిస్తారు, దాన్నిబట్టి సంచి నింపేదాన్ని నేనే. నా ఎమ్మే అక్కడే కాస్త ఊపిరి పీల్చుకునేది.

నేను రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, ఒక అక్టోబరులో కొత్త ఫారం ఒకటి వచ్చింది. ముత్యాల్లాంటి చేతిరాత. పాఠకుల పేరు అన్న చోట అచ్చు పదం కొట్టేసి 'పేషెంటు' అని రాసి ఉంది. పేషెంటు: భార్య. కారణం: మానసిక అనారోగ్యం, ఇల్లు వదిలి రారు. కావలసినవి: పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలలు. నింపినది: భర్త. ఇంటిపేరు చూస్తే తెలుగు.

ఆ భర్త ఎవరో మా ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ తెలుసు. పెద్ద సైకియాట్రిస్టు, రిటైరై చాలా ఏళ్ళయింది. అసోసియేషన్ ఫంక్షన్లలో మొదటి వరసలో సూటూ టైతో కూర్చునేవారు, పక్కనే ఆంటీ గారు. రెండేళ్ళుగా ఇద్దరూ రావడం మానేశారు. "ఆంటీ గారికి మతి సరిగా లేదంట, పాపం ఆ వయసులో డాక్టర్ గారే చూసుకుంటున్నారంట" అని ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని అందరం అనుకునేవాళ్ళం. అనుకుని చట్నీ వేయించుకునేవాళ్ళం. డిస్టర్బ్ చేయకూడదని ఎవరూ వాళ్ళింటికి వెళ్ళలేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు డాక్టర్ గారే తలుపు తీశారు. ఇంట్లో కూడా సూటు, టై. సంచి అందుకుని, "తెలుగువారా! ఏ ఊరమ్మా?" అన్నారు.

"రాజమండ్రి అండీ."

"రాజమండ్రిలో నీళ్ళెక్కువా, కవులెక్కువా?" అని ఆయనే గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను.

"ఆంటీ గారు ఎలా ఉన్నారండీ?"

ఆయన మొహంలో నవ్వు చటుక్కున సర్దుకుంది. "ఆవిడ విశ్రాంతిలో ఉన్నారు" అని తలుపు వేసేశారు. వెనక్కి నడుస్తుంటే లోపల బోల్టు పడిన చప్పుడు వినిపించింది. తలుపు పైభాగాన, మనిషి తలకన్నా ఎత్తులో, కొత్తగా బిగించిన బోల్టు ఆయన తలుపు తీసినప్పుడే కంటపడింది. నేను వ్యాన్ ఎక్కి చూస్తే మేడ మీద కిటికీ కర్టెన్ కదిలింది.

మూడు వారాల తర్వాత వెళితే మళ్ళీ అదే. "తెలుగువారా! ఏ ఊరమ్మా?" మళ్ళీ నీళ్ళు, కవులు. నవంబరులో, డిసెంబరులో కూడా అంతే. పెద్దవాళ్ళకి మనలాంటివాళ్ళు ఒక లెక్కా, మొహం కూడా గుర్తు పెట్టుకోరు అని నొచ్చుకున్నాను. అక్కడితో ఆగాను. ఆ ప్రశ్న గురించి ఇంకొక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఆలోచించలేదు, ఎందుకంటే నా బుర్ర నిండా ఆ పాత సంచిలో తిరిగొచ్చిన చీటీలు ఉన్నాయి.

మొదటి చీటీ ఒక లావుపాటి నవల మధ్యలో దొరికింది. ఆ కథలో ఒక పెద్దమనిషి భార్యని ఊరి చివర ఇంట్లో పెట్టి, ఆవిడకి నరాల జబ్బని అందరినీ నమ్మిస్తాడు. చీటీ మీద పెన్సిలుతో, గుండ్రటి తెలుగులో ఇలా ఉంది: "నాలుగు వందల పేజీల్లో ఈమెకు పిచ్చి అని పదకొండు మంది చెప్పినారు. ఈమె మాట్లాడింది రెండు పేజీలు. ఆ రెండు పేజీల్లో పిచ్చి మాట ఒక్కటీ లేదు."

నేను షెల్ఫుల మధ్య నిలబడిపోయాను. ఎమ్మేలో మా ప్రొఫెసరు గారు రెండు నెలలు చెప్పినది ఆవిడ నాలుగు లైన్లలో రాసిపారేశారు.

ఇంకో నవలలో: "ఈ డాక్టరు ఆమె నాడి చూస్తాడు, నాలుక చూస్తాడు, మొగుని మొహం చూస్తాడు. ఆమె మొహం ఒకటే చూడలేదు."

అప్పటి నవలల సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఆ కాలంలో ఇంగ్లండులో కలిగిన ఇంటి ఆడమనిషిని పిచ్చాసుపత్రిలో పెట్టడం కష్టం కాదు. భర్త అడిగి, ఇద్దరు డాక్టర్లు సంతకాలు పెడితే సరిపోయేది. ఆవిడ ఎక్కువ చదివినా, ఎదురు చెప్పినా, పిల్లని కన్నాక నెలల తరబడి ఏడ్చినా అన్నిటికీ 'నరాలు' అని ఒకటే పేరు. పెళ్ళికీ తాళానికీ పెద్ద తేడా కనపడని ఇళ్ళు ఆ నవలల నిండా ఉంటాయి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు నా ముందు ఒక ఇల్లు, ఒక బోల్టు, మేడ మీద ఒక ఆడమనిషి ఉన్నారు. పైగా ఇక్కడ మొగుడే డాక్టరు. ఇంకేం కావాలి నాకు?

పాఠకులు ఏం చదివారో, పుస్తకాల్లో ఏం వదిలారో మేం పట్టించుకోకూడదు. అది ఉద్యోగంలో మొదటి రోజు నేర్పే పాఠం. నేను పట్టించుకున్నాను. డిసెంబరు సంచిలో ఒక చీటీ పెట్టాను: "ఆంటీ గారూ, మీరు చివరిసారి ఎప్పుడు బయటికి వచ్చారు?"

తిరుగు సంచిలో జవాబు వచ్చింది: "గడప దాటి మూడు నెలలు దాటింది. ఈ నవలలో ఆమె కంటే నేనే మేలు. నాకు సంచి వస్తుంది."

నాకు ఆ రోజు అన్నం సహించలేదు. మూడు వారాలు ఆగలేక, ఆవిడ కోసం ఆపి ఉంచిన హోల్డు పుస్తకం వచ్చిందని వంకపెట్టి ఆ వారమే మళ్ళీ వెళ్ళాను. ఆ పుస్తకంలో రెండో చీటీ: "మీకు సాయం కావాలా? కావాలంటే ఒక్క మాట రాయండి."

దానికి జవాబు: "కావాలి. సంచిలో ఇంకో రెండు పుస్తకాలు ఎక్కువ పెట్టు."

మామూలు మనిషైతే రెండు పుస్తకాలు ఎక్కువ పెడుతుంది. నేను ఎమ్మే చదివినదాన్ని. అది రహస్య భాష అనుకున్నాను. 'కావాలి' అన్నది అసలు మాట, పుస్తకాల సంగతి ఆయన కంటపడితే తప్పించుకోవడానికి రాసిన మాట. మూడు వారాలు నిద్ర పట్టలేదు.

మా బ్రాంచి హెడ్డుకి చెప్పాను. ఆవిడ తాతలు ఉక్రెయిన్ నుంచి వచ్చి ఈ నేల మీద గోధుమ పండించినవాళ్ళు. ఎంత కొంపలు మునిగే విషయమైనా ముందు టీ పెట్టి వింటుంది. మొత్తం విని, రెండు తెల్ల కాగితాలు నా ముందుకి తోసింది.

"ఒకదాని మీద నువ్వు కళ్ళతో చూసింది రాయి. రెండోదాని మీద నువ్వు నవలల్లో చదివింది రాయి."

రాశాను. చూసిన కాగితం మీద మూడు లైన్లు వచ్చాయి. బోల్టు, కర్టెను, చీటీలు. రెండో కాగితం వెనక్కి తిప్పి కూడా రాశాను.

ఆవిడ రెండూ చూసి, "పెద్దవాళ్ళ సంక్షేమం చూసే సోషల్ వర్కరుకి సోమవారం నేను ఫోన్ చేస్తాను. నువ్వు సంచి ఇచ్చి రా, చాలు. ఇంకేం చెయ్యకు" అంది.

"అలాగే" అన్నాను. ఆ రోజు బుధవారం. గురువారం నా డెలివరీ.

ఆ గురువారం మైనస్ ఇరవై ఎనిమిది. మామూలుగా వాళ్ళింటికి పదకొండున్నరకి వెళ్ళేదాన్ని. ఆ రోజు కావాలని పదింటికే వెళ్ళాను, ఆయన్ని సిద్ధంగా లేనప్పుడు పట్టుకోవాలని. వ్యాన్ ఆపితే మళ్ళీ స్టార్టవదేమోనని ఇంజను ఆన్ చేసే ఉంచి, సంచి పట్టుకుని బెల్ కొట్టాను. తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. సూటు ఉంది, టై ఉంది, కాళ్ళకి మేజోళ్ళు మాత్రం లేవు.

"తెలుగువారా! ఏ ఊరమ్మా?"

"రాజమండ్రి అండీ. ఎనిమిదోసారి చెబుతున్నాను. నీళ్ళూ ఎక్కువే, కవులూ ఎక్కువే. నేను ఆంటీ గారిని చూడాలి."

"ఆవిడ నా పర్యవేక్షణలో ఉన్నారు."

ఆ ఒక్క మాటతో నాకు పూనకం వచ్చినంత పనైంది. తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళి, ఆ హాల్లో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. పంతొమ్మిదో శతాబ్దం అన్నాను. భర్తల అధికారం అన్నాను. విశ్రాంతి పేరుతో ఎంతమంది ఆడవాళ్ళని గోడల మధ్య పెట్టారో తెలుసా అన్నాను. ఇది కెనడా, ఇక్కడ అలా కుదరదు అన్నాను. ఇంగ్లీషు, తెలుగు కలగాపులగంగా వస్తున్నాయి. ఊలు టోపీ కళ్ళ మీదికి జారుతోంది, పైకి తోసుకుంటూ మాట్లాడుతున్నాను.

డాక్టర్ గారు అడ్డు చెప్పలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, చాలా శ్రద్ధగా విన్నారు. నేను ఊపిరి కోసం ఆగినప్పుడు సోఫా చూపించి, మెత్తగా, "కూర్చోండమ్మా" అన్నారు.

ఆ గొంతులో ఏముందో గానీ కూర్చున్నాను.

"నిద్ర ఎలా పడుతోంది?"

"సరిగా పట్టట్లేదండీ."

"ఎన్నాళ్ళుగా?"

"మూడు వారాలుగా."

"ఎవరినో ఎక్కడో మూసిపెట్టారన్న ఆలోచన మళ్ళీ మళ్ళీ వస్తోందా?"

"వస్తోందండీ." నిజమే కదా మరి.

"పుస్తకాలు బాగా చదువుతారా?"

"చదువుతానండీ."

"కొన్నాళ్ళు తగ్గించండి" అని ఆయన నా భుజం తట్టారు. "భయపడాల్సిందేమీ లేదు. మందు రాసిస్తాను. కాగితం తెచ్చుకుంటా, ఇక్కడే ఉండండి."

ఆయన హాలు దాటి వెళ్ళారు. నేను ఒళ్ళో సంచి పెట్టుకుని, బుద్ధిగా, మందు చీటీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. మేడ మీద నీళ్ళ చప్పుడు ఆగింది. ఒకటి రెండు నిమిషాలకి మెట్లు దిగుతూ ఆంటీ గారు వచ్చారు. చిన్న మనిషి. తలస్నానం చేసినట్టున్నారు, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని ఉన్నారు. నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు.

"చీటీల అమ్మాయివా? ఈ రోజు తొందరగా వచ్చినావే. ఆయన ఏరీ?"

"కాగితం తెచ్చుకోవడానికి వెళ్ళారండీ."

"ఎటు?"

నేను చూపించిన వైపు గది ఖాళీగా ఉంది. ఆ గదికి ఇంకో గుమ్మం ఉంది, అది తిరిగి నా వీపు వెనక ఉన్న వీధి తలుపు దగ్గరికే వస్తుంది. చల్లగాలి కాళ్ళకి తగులుతోందని అప్పుడు తెలిసింది నాకు. తలుపు బారెడు తెరిచి ఉంది.

"బోల్టు వెయ్యలేదా?" అన్నారు ఆంటీ గారు. గొంతు మారిపోయింది.

"నేనా అండీ?"

"ఆయన బయటికి పోకుండా ఆ బోల్టు పెట్టించింది నేను! బెల్లు మోగితే తప్ప ఆయనకు అది గుర్తు రాదు! నువ్వొచ్చిపోతానే దిగొచ్చి వేస్తా ఉండేది నేను!"

ఆవిడ తువ్వాలు విసిరేసి, కొక్కేనికి ఉన్న ఆయన పెద్ద కోటు తగిలించుకుని, చెప్పులతోనే బయటికి పరిగెత్తారు. కోటు అక్కడుందంటే ఆయన కోటు లేకుండా వెళ్ళారన్నమాట. మైనస్ ఇరవై ఎనిమిదిలో, మేజోళ్ళు కూడా లేకుండా. ఆ చలిలో పెద్దవాళ్ళు ఎన్ని నిమిషాలు తట్టుకుంటారో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ముందు కుడివైపు పరిగెత్తాం, బస్టాపు అటే ఉందని. బస్టాపులో ఎవరూ లేరు. తర్వాత ఎడమవైపు. పక్కింటి పెరట్లో మంచు నలగకుండా ఉంది. ఆంటీ గారు "ఏమండీ! ఏమండీ!" అని వీధంతా వినపడేలా పిలుస్తున్నారు. ఆవిడ తడి జుట్టు గడ్డకట్టి పుల్లల్లా నిలబడింది, కదిలినప్పుడల్లా టకటక కొట్టుకుంటోంది. పద్ధెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఒక పుస్తకం కూడా పోగొట్టని నేను ఒక మనిషిని పోగొట్టాను.

ఇక పోలీసులకి ఫోన్ చేద్దామని, ఫోన్ వ్యాన్లో ఉందని అటు పరిగెత్తాను. వ్యాన్ ఇంకా పొగ వదులుతోంది. అద్దాల నిండా మంచు పేరుకుని లోపల ఏమీ కనపడటం లేదు. తలుపు లాగాను.

డాక్టర్ గారు ముందు సీట్లో, వెచ్చగా, సీటు బెల్టు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఎవరికో ఇవ్వాల్సిన వంటల పుస్తకం తెరిచి ఉంది.

"ఇంతసేపా?" అన్నారు నన్ను చూసి. "రౌండ్సుకి టైమైపోయింది. డ్రైవరు మీరేనా?"

ఆంటీ గారు నా వెనకే వచ్చి, ఆయన్ని చూసి, వ్యాన్ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఏడుస్తారనుకున్నాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ, ఇంట్లోకి వెళ్ళి ఆయన బూట్లు, మేజోళ్ళు తెచ్చి తొడిగి, తలుపుకి తాళం వేసి వచ్చి, వెనక పుస్తకాల సంచుల పక్కన ఉన్న మడత సీటు దించుకుని కూర్చున్నారు.

"పోనీ అమ్మా" అన్నారు. "డాక్టర్ గారికి రౌండ్సుకు టైమైందంట కదా. ఒక రౌండ్ తిప్పు."

లైబ్రరీ వ్యాన్లో బయటివాళ్ళని ఎక్కించుకోకూడదు. నేను గేరు వేశాను.

గడ్డకట్టిన నది మీద జనం స్కేటింగ్ చేస్తున్నారు. వంతెన దాటుతుంటే ఆంటీ గారు అద్దం మీద మంచుని గోటితో గీకి, ఆ రంధ్రంలోంచి చిన్నపిల్లలా చూశారు. కాఫీ షాపు డ్రైవ్-త్రూలో మూడు కాఫీలు, ఆయనకి ఒక డోనట్ తీసుకుని, పార్కింగ్ లాట్లో ఆపాను. ఆయన డోనట్ తింటూ ఉంటే ఆవిడ వెనక నుంచి చెప్పడం మొదలుపెట్టారు.

"రెండేండ్ల కిందట ఒకదినం కారు తీసుకుని పోయి, యాడికి పోవాల్నో మర్చిపోయి, సాయంత్రానికి వచ్చినాడు. వచ్చి నన్ను కూర్చోబెట్టి చెప్పినాడు. నాకేమొస్తాందో నాకు తెలుసు, నలభై ఏండ్లు వేరేవాళ్ళకు చెప్పినా. ఊళ్ళోవాళ్ళ మనసులు చూసినవాణ్ణి, నా మనసు పోతాందని ఎవురికీ తెలియొద్దు అన్నాడు. మరి అందరితో ఏం చెప్తాం, ఏ ఫంక్షనుకూ పోకపోతే? నాకే బాగలేదని చెప్తాంలే అన్నా."

"మరి ఆ ఫారం?"

"ఆయన చేతనే రాయించినా. చేతిరాత ఇంకా చెక్కుచెదరలేదు చూడు. రాసుకుంటే ఆయనకు ధైర్యం."

నేను సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాను. "అందరూ మీకు మతి లేదనుకుంటుంటే మీకు కోపం రాలేదా ఆంటీ?"

"అట్లనుకుంటారని తెలిసే చెప్పినా. కానీ నాకు మతి బాగలేదంటే ఒక్కరన్నా ఆశ్చర్యపోవాల గదా! ఒక్కరూ పోలేదు. అవునా పాపం అన్నారంతే. దానికి మాత్రం కోపమొచ్చింది."

అవునా పాపం అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ మాట చెప్పాను. చెప్పి, ఉదయం హాల్లో నేనిచ్చిన ఉపన్యాసం కూడా చెప్పాను. ఆవిడ కాఫీ ఒలికేలా నవ్వారు.

"మరి సాయం కావాలని రాశారు కదండీ?"

"పుస్తకాలు అడిగినా! ఒక్కోసారి మూడే పెడతావు. మూడు వారాలకు మూడు పుస్తకాలు ఏమూలకు?" గొంతు తగ్గించి అన్నారు, "ఆ నవలల్లో ఆడోళ్ళను మూసింది మొగుళ్ళు. నన్ను మూసింది నేనిచ్చిన మాట. చదువుతా ఉంటే ఎవరికో చెప్పుకున్నట్లుండేది. ఈ మధ్య బాగా కష్టమైతాంది అమ్మా. స్నానానికి పోవాలన్నా భయమే. ఈ రోజు చూసినావు గదా."

తర్వాత ఆవిడ ముందుకి వంగి, ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "ఏమండీ, ఒకటి అడుగుతా. ఒక పేషెంటు ఉన్నాడు. జబ్బు సంగతి ఎవరికీ చెప్పొద్దని ఇంట్లోవాళ్ళ దగ్గర మాట తీసుకున్నాడు. ఇప్పుడు ఇంట్లోవాళ్ళ చేత కావడం లేదు. చెప్పొచ్చునా?"

డాక్టర్ గారు వేళ్ళకంటిన పంచదార టిష్యూతో తుడుచుకున్నారు. "చూసుకునేది ఎవరు?"

"భార్య."

"ఆవిడ పడిపోతే ఇద్దరు పేషెంట్లవుతారు. చెప్పమనండి" అని, మళ్ళీ ఆవిడ వైపు తిరిగి, "ఆయన ఒప్పుకుంటాడు. నేను మాట్లాడతాను" అన్నారు.

ఆయనకి అర్థమై అన్నారో, ఎవరో పరాయి పేషెంటు అనుకుని అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆంటీ గారు మాత్రం ఆయన భుజం మీది చెయ్యి తీయకుండా, లైబ్రరీకి వెళ్ళేదాకా అలాగే కూర్చున్నారు.

అవును, లైబ్రరీకే తీసుకెళ్ళాను. ఇంకెక్కడికి తీసుకెళ్ళాలో తోచలేదు. గడ్డకట్టిన జుట్టు కరిగి నీళ్ళు కారుతున్న ఆంటీ గారు, సూటులో డాక్టర్ గారు, వెనకాల నేను. బ్రాంచి హెడ్ మమ్మల్ని చూసి ముందు టీ పెట్టింది. మొత్తం విన్నాక ఒక చేత్తో నాకు వార్నింగ్ లెటర్ టైప్ చేసింది, ఇంకో చేత్తో ఫోన్ తీసింది. వాళ్ళమ్మకీ ఇదే జబ్బట. ఎవరికి ఫోన్ చేయాలో, ఏ ఫారం ముందు నింపాలో, పగటిపూట చూసుకునే సెంటర్లలో ఏది మంచిదో అన్నీ ఆవిడకి నోటికొచ్చు. అదే బ్రాంచిలో పద్నాలుగేళ్ళు పక్కపక్కన పనిచేశాం, ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. వార్నింగ్ లెటర్ ఇప్పటికీ నా దగ్గరుంది. వ్యాన్లో అనుమతి లేని ప్రయాణికులు ఇద్దరు, డోనట్ ఒకటి అని రాసి ఉంటుంది.

ఆ సాయంత్రం ఆంటీ గారు వాంకూవర్లో ఉన్న కూతురికి ఫోన్ చేసి చెప్పారట. ఆ అమ్మాయి సగం ఇంగ్లీషులో, "మామ్, ఐ న్యూ, నాకు తెలుసు. నువ్వు చెప్తావని వెయిట్ చేస్తున్నా" అని, ఆ ఆదివారమే ఫ్లైట్ ఎక్కి వచ్చి పది రోజులు ఉండి వెళ్ళిందట.

మార్చి నుంచి డాక్టర్ గారు వారానికి మూడు రోజులు సెంటరుకి వెళ్ళడం మొదలుపెట్టారు. సూటూ టైతోనే. అక్కడివాళ్ళు తెలివైనవాళ్ళు, మొదటి రోజే ఆయన చేతికి ఒక క్లిప్‌బోర్డు ఇచ్చారు. ఆయన ఒక్కొక్కరి పక్కనా కూర్చుని నిద్ర ఎలా పడుతోందని అడిగేవారు, వాళ్ళు చెప్పింది చివరిదాకా వినేవారు. ఆయన రాని రోజు డాక్టరేడీ అని ముగ్గురు నలుగురు గొడవ చేసేవారట.

ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళకి సలహాలు చెప్పే అర్హత నాకు ఉందో లేదో మీరే చూశారు. నేను చదివిన నవలలు తప్పు చెప్పలేదు. అలాంటి ఇళ్ళు అప్పుడున్నాయి, ఇప్పుడూ ఉన్నాయి, అనుమానం వస్తే కళ్ళు మూసుకోమని నేను అనను. కానీ ఆ ఆడవాళ్ళని ఒక్కరూ నోరు తెరిచి అడగలేదని నవల మీద నవల చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నదాన్ని, ఆవిడ 'ఇంకో రెండు పుస్తకాలు' అని తెలుగులో రాసిస్తే దాన్ని కూడా నాకు కావలసినట్టే చదువుకున్నాను. అదీ నా ఎమ్మే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఏప్రిల్లో మా బ్రాంచి హెడ్ ఆంటీ గారిని ఒక పని అడిగింది. డాక్టర్ గారు సెంటరులో ఉండే మంగళవారం మధ్యాహ్నాలు, లైబ్రరీలో ఆ పాత నవలల మీద ఒక చదువరుల గుంపు నడపమని. నోటీసు పెట్టాం. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. కాలేజీ అమ్మాయిలు ఇద్దరు, రిటైరైన నర్సు ఒకావిడ, మిగతా చాలావరకు మన ఆంటీలే, నవల కోసం కాదు, ఆవిడని చూడటానికి. నోటీసు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందని నాకు తెలుసు.

ఆంటీ గారు నీలం చీర మీద స్వెట్టరు వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పుస్తకం తెరవకముందే, ముందు వరసలో ఒకావిడ జాలిగా తల ఊపుతూ, "ఇప్పుడెలా ఉందండీ మీకు? కాస్త నయమేనా?" అంది. గదిలో అందరూ ఆ జవాబు కోసమే వచ్చినట్టు మెడలు ముందుకి చాచారు.

"నాకేమీ కాలేదమ్మా, మొదటి నుంచీ బాగానే ఉన్నా" అన్నారు ఆంటీ గారు. "బాగలేనిది ఆయనకు. మతిమరుపు జబ్బు. మూడు దినాలు సెంటరుకు పోతాడు, మూడున్నరకు వస్తాడు. అంతవరకు నాకు తీరిక. కుర్చీలు కొంచెం దగ్గరికి జరుపుకోండి, నాకు గట్టిగా మాట్లాడేది రాదు."

అడిగినావిడ మొహం ఎర్రబడింది. తర్వాత వెనక వరసలోంచి ఒకావిడ, ఎప్పుడూ నోరు విప్పని మనిషి, "మా అత్తగారికీ అదేనండీ" అంది. "ఎవరికీ చెప్పలేదు." ఆ పక్కావిడ, "మా ఆయన మూడేళ్ళుగా మందులు వాడుతున్నాడు, డిప్రెషన్" అంది. ఒక కుర్చీ జరిగింది, తర్వాత ఇంకొకటి, తర్వాత అన్నీ.

ఆ రోజు పుస్తకం మొదటి పేజీ కూడా తెరవలేదు. మూడు కాగానే ఆంటీ గారు లేచి, కోటు వేసుకుని, బస్సుకి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళం ఐదింటికి లైట్లు ఆర్పేదాకా అక్కడే కూర్చున్నాం.